గానుగ సున్నం గోడలకు సిమెంట్ అంచనాలు వద్దు

తెలంగాణ వారసత్వ శాఖ సంచాలకులు గారికి,

నమస్కారం. 2017 హెరిటేజ్ చట్టం కిందికి వచ్చే కట్టడాలకు మరమ్మతు ఖర్చు అంచనాలు ఖరారయ్యాక ఆర్కిటెక్టును పిలిస్తే చేయడానికి ఏమీ మిగలదు. ముందే పిలవండి. పగుళ్లు, చెమ్మ, ఉప్పు పొంగిన చోట్లు గదిగదికీ గీసి, పాత సున్నం నమూనా పరీక్షించాకే కొలతలు రాయాలి.

సున్నపు గోడ తేమను పీల్చి బయటికి వదులుతుంది. పైన సిమెంట్ పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. చెమ్మ ఇంకా పైకెక్కుతుంది, లవణాలు పూత వెనక పేరుకుని పెచ్చులూడదీస్తాయి, పాత సున్నంతో సహా. ఆ సిమెంట్ తీయడానికి చిన్న ఉలి, సుత్తే వాడాలి. డ్రిల్లింగ్ మిషన్ వద్దు. రాళ్లు, ఇటుకల మధ్య అతుకులు 20–25 మి.మీ. లోతు గీకి, తడిపి, నానిన సున్నం 1 పాలు, ఇసుక 2–3 పాళ్లు గానుగలో నూరి నింపాలి. కరక్కాయ, బెల్లం నీళ్లు ఎంత కలపాలో నమూనా పూతే తేల్చాలి, మేస్త్రీ అలవాటు కాదు. ఒక్కో పొర 10–12 మి.మీ. మించకూడదు. తడి గోనెలు కప్పకపోతే ఎండాకాలంలో సన్నటి పగుళ్లు తప్పవు.

ఇంకొకటి, ఆర్కిటెక్టు రుసుమును పని విలువలో శాతంగా కట్టడం మానండి. తక్కువ కూల్చి ఎక్కువ కాపాడినవారికే తక్కువ డబ్బు ముడుతుంది! పనిదినాలు, సైటు తనిఖీల లెక్కన ఇవ్వండి. కాంట్రాక్టరునూ కనిష్ఠ ధర ఒక్కటే చూసి ఎంచకుండా, ముందు ఒక చదరపు మీటరు పూత వేయించి చూడండి.

ఇట్లు,
పాత కట్టడాల పరిరక్షణలో పనిచేసే ఆర్కిటెక్టులు