ఆగస్టు పుస్తకం ఎందుకు ఆలస్యమైందంటే

ప్రతి నెలా 5వ తేదీకల్లా పోస్టులో వేసే మా కథల పుస్తకం ఈసారి 20 దాటినా మీ ఇళ్లకు రాలేదు. ఫోన్ చేసినవాళ్లకు "రెండు రోజుల్లో పంపిస్తాను" అని చెప్పాను, అదీ రెండుసార్లు. అలా చెప్పకుండా ఉండాల్సింది. జరిగింది ఇప్పుడు చెప్తున్నాను.

ఈ నెల కథ బుడ్డల మీద, అంటే వేరుశనగ కాయల మీద. అనంతపురంలో కూర్చుని నాలుగేళ్లుగా పిల్లలకు గ్రహణాలు, అయస్కాంతాలు, ఇంద్రధనుస్సు అన్నీ కథలుగా రాశాను గానీ, ఊరి చుట్టూ ఉన్న వేరుశనగ చేల గురించి ఒక్కటీ రాయలేదన్న బాధ ఎప్పటి నుంచో ఉంది. పేరులో వేరు ఉంది గానీ ఆ కాయ వేరుకు కాయదు, కథంతా ఆ ఒక్క ముక్క మీదే నడుస్తుంది. పొద్దున పూసిన పసుపు పువ్వు ఆ రోజే వాడిపోతుంది. కొన్నాళ్లకు అక్కడి నుంచే సన్నటి ఊడ బయల్దేరి, నేల వైపు వంగి, మట్టిలోకి దిగాక ఆ చీకట్లో దాని కొనకు కాయ కడుతుంది. నేల గట్టిగా ఉండి ఊడ దిగకపోతే ఇక కాయ లేదు. నా కథలో ఊడే మాట్లాడుతుంది, కొంచెం దారి ఇవ్వమని మట్టిని బతిమాలుతుంది.

బొమ్మలు వేసే అబ్బాయి మొదట పేరును బట్టే వేశాడు. కాయలన్నీ వేర్లకు గుత్తులుగా వేలాడుతున్నాయి. నేను మా నాన్న చేనుకు తీసుకెళ్లి ఒక చెట్టు పీకి చూపించాను. ఊడలు వేరే, వేర్లు వేరే. వేర్ల మీద సజ్జగింజలంత బుడిపెలు ఉంటే గోటితో చిదిపి చూపించాను, లోపల గులాబీ రంగు. గాలిలోని నత్రజనిని చెట్టుకు అందించే బాక్టీరియా ఉండేది వాటిలోనే. వాడు అక్కడే గట్టు మీద కూర్చుని మళ్లీ గీశాడు. ఇంత అందమైన బొమ్మ మా పుస్తకంలో ఇంతవరకూ రాలేదు.

ప్రెస్సువాళ్లు పాత బొమ్మ వేశారు. కొత్త ఫైలు పంపాను, అందిందని జవాబు కూడా ఇచ్చారు, అయినా పాతదే 900 కాపీల్లో మధ్య పేజీల మీద అచ్చయింది. నా తప్పూ ఉంది, అట్ట రంగు మాత్రం చూసి సంతకం పెట్టి వచ్చేశాను, లోపలి ప్రూఫ్ అడగలేదు. కానీ అడగడానికి వెళ్తే వాళ్లన్న మాట ఇంకా మింగుడు పడటం లేదు. "చిన్నపిల్లల బొమ్మే కదా మేడం, ఎవరు పట్టించుకుంటారు?" మూడేళ్లుగా ప్రతి నెలా వాళ్ల దగ్గరే వేయిస్తున్నాను. మళ్లీ వేయమంటే ఖర్చు నాదేనన్నారు, కావాలంటే తప్పు సవరణ చీటీ ఒకటి ఉచితంగా కొట్టిస్తామన్నారు.

చీటీ పెట్టి పంపేద్దామా అని మూడు రాత్రులు ఆలోచించాను. ఇంట్లోవాళ్లూ అదే అన్నారు. కానీ చీటీ చదివేది మీరు. ఆరేళ్ల పాప చూసేది బొమ్మనే, చూసింది మర్చిపోదు. పైగా కథలో తాత 45 రోజుల పైరుకు కాల్షియం ఉండే జిప్సం వేస్తాడు. ఊడలు దిగే వేళ ఎందుకు వేస్తారంటే, కాయ తనకు కావాల్సిన కాల్షియాన్ని చుట్టూ ఉన్న మట్టి నుంచే నేరుగా పీల్చుకుంటుంది కాబట్టి. కాయ వేరుకే కాస్తుందని బొమ్మ చెప్తుంటే తాత పనికి అర్థమేముంది? మన జిల్లాలో బుడ్డల గురించి తప్పు బొమ్మ పంపి, వచ్చే నెల మళ్లీ సైన్సు చెప్తానని మీ ముందుకు ఎలా రాను?

అందుకని మధ్య కాగితం ఒక్కటీ వేరే ప్రెస్సులో కొత్తగా వేయించాను. ఇంట్లో నలుగురం కూర్చుని పిన్నులు ఊడదీసి, పాత కాగితం తీసి కొత్తది పెట్టి, మళ్లీ పిన్నులు కొట్టాం. ఐదు రోజులు పట్టింది. కొత్త కాగితం కాస్త పలచగా ఉంటుంది, పట్టుకుంటే తెలుస్తుంది. తీసేసిన కాగితాలను పాత పేపర్ల వాళ్లకు అమ్మలేదు, అమ్మితే బొరుగుల పొట్లాలై మళ్లీ పిల్లల చేతికే వస్తాయి. అన్నీ చించేశాను.

దీనికి అక్టోబరు కాగితం కోసం దాచిన డబ్బు అయిపోయింది. ఆ నెల లోపలి పేజీలు నలుపు తెలుపులోనే వస్తాయి. ధర పెంచను, పేజీలు తగ్గించను. పాత ప్రెస్సుకు మళ్లీ వెళ్లను, వాళ్లు తగ్గించి ఇస్తామన్నా సరే.

మీ పుస్తకాలు ఈ సోమవారం పోస్టులో వేస్తున్నాను. నేను చూసుకునే లోపే ధర్మవరం, హిందూపురం వైపు 40 కాపీలు వెళ్లిపోయాయి. అవి అందినవాళ్లకు కొత్త మధ్య కాగితం విడిగా కవర్లో పంపుతున్నాను. దయచేసి పాతది తీసేసి ఇది పెట్టండి, పిల్లలకు ఎందుకు మార్చామో చెప్పండి. ఇప్పుడు చేలల్లో ఊడలు దిగుతున్నాయి. తెలిసినవాళ్ల చేను ఉంటే అడిగి ఒక్క చెట్టు పీకి, బొమ్మ పక్కన పెట్టి చూపించండి. తేడా ఏమైనా కనిపిస్తే నాకు ఫోన్ చేయండి.