కల్లు స్టాలు మీద దించిన వేళ రాయాలి

సంపాదకునికి,

అయ్యా,

వరంగల్, హనుమకొండలో తెలంగాణ వంటల పండుగలు పెట్టడం సంతోషమే. కానీ వాటిలో కల్లును కూల్‌డ్రింకులా చూస్తున్నారు. వైన్‌ను ఏళ్ల తరబడి సీసాలో దాచుకోవచ్చు. కల్లుకు ఆయుష్షు ఒక్క పూట. సాయంత్రం ఆరింటికి తెరిచే స్టాలులో పొద్దటి కల్లు పోస్తే అది పుల్లటి నీళ్లే. మాపటి గీత కల్లయినా తెప్పించాలి, లేదంటే పండుగనే పొద్దున పెట్టాలి.

చెట్టు నుంచి కారేది తియ్యటి నీరు. అందులో చక్కెర నూటికి పది, పన్నెండు పాళ్లుంటుంది. గాలిలోని ఈస్టు, లొట్టి (కల్లు కుండ) అడుగున మిగిలిన పాత మడ్డి తగలగానే పులియడం మొదలవుతుంది. రెండు మూడు గంటల దాకా తీపీ పులుపూ సమంగా ఉంటాయి. ఎండాకాలం మధ్యాహ్నానికి నోరు జివ్వుమంటుంది, తెల్లారితే వెనిగర్ వాసనే. లొట్లు రోజూ కడిగి ఆరబెట్టి కట్టే గౌడన్న (కల్లు గీసే మనిషి) కల్లు ఎక్కువసేపు తియ్యగా ఉండేది ఇందుకే. చలికాలంలో ఈత కల్లు, ఎండలు ముదిరే కొద్దీ తాటి కల్లు దొరుకుతుంది కాబట్టి పండుగ తేదీ కూడా అది చూసే పెట్టుకోవాలి. వానకాలంలో పెట్టి కల్లు ధారాళంగా పోయిస్తామంటే నమ్మలేం.

నీరా వేరు, కల్లు వేరు. లొట్టి లోపల సున్నం పూసో, చుట్టూ ఐసు పెట్టో పులియకుండా ఆపి, పొద్దు పొడవకముందే దించేది నీరా. దించాక కూడా చల్లగానే ఉంచాలి. సీసా ఉబ్బినా, మూత తీయగానే బుస్సుమన్నా అది కల్లయిపోయిందని అర్థం. పిల్లలకు పట్టొద్దు.

ఒక లెక్క చెప్తాను. బాగా పారే తాటిచెట్టయినా రోజుకు ఇచ్చేది కొద్ది లీటర్లే. ఐదు లీటర్లనుకున్నా ఐదువందల లీటర్లకు వంద చెట్లెక్కాలి. చెట్టెక్కే తాళ్లు మోకు, ముత్తాదు కట్టుకుని ఒక మనిషి పూటకు ఎన్ని ఎక్కగలడు? అందుకే రాత్రి పది దాకా తరగకుండా పోస్తున్న స్టాలు దగ్గర అనుమానపడాలి. ‘కల్లు అయిపోయింది’ అని బోర్డు పెట్టి మూసేసిన గౌడన్నదే నిఖార్సయిన కల్లు. లేని కల్లును ఉన్నట్టు చేయడానికి నీళ్లు, శాకరిన్ కలుపుతారు. దుర్మార్గులు క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలుపుతారు. శాకరిన్ నాలుక మీద చేదుగా మిగిలి పట్టుబడవచ్చు. మత్తుమందు మాత్రం రుచి చూసి తెలుసుకునేది కాదు. దానికి ల్యాబ్ పరీక్ష తప్ప దారి లేదు.

వెళ్లేవాళ్లు స్టాలు తెరిచిన గంటలోపే వెళ్లాలి. తాడా, ఈతా, ఏ ఊరి చెట్లు, ఎప్పుడు దించారు అని అడగాలి. చెప్పలేకపోతే ముందుకు నడవండి. ఖాళీ కడుపుతో తాగొద్దు, ముందు పిడికెడు గుడాలు (గుగ్గిళ్లు) తినండి. పులిసిన కల్లులో మత్తు దాదాపు బీరంత ఉంటుంది కాబట్టి తాగినవాళ్లు బండి తీయొద్దు.

ఇక సర్వపిండి. పండుగల్లో ఎక్కువగా పాడయ్యేది ఇదే. కిలో బియ్యప్పిండికి నానబెట్టిన శనగపప్పు వంద గ్రాములు, నువ్వులు వంద, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు నూటయాభై, ఉల్లి ఆకు, కరివేపాకు, కారం, ఉప్పు వేసి మెత్తగా కలపాలి. గట్టిగా కలిపితే విరుగుతుంది. నూనె రాసిన చల్లటి గంజు (లోతు గిన్నె) లోపల పలుచగా అద్ది, వేలితో బొక్కలు పెట్టి, ఒక్కో బొక్కలో నూనె చుక్కలు వేసి, మూతపెట్టి సన్నమంట మీద పది, పన్నెండు నిమిషాలు ఉంచాలి. అసలు చిక్కు రెండోదానికి వస్తుంది. వేడి గంజులో పిండి అద్దితే చేయి కాలుతుంది, పిండి అతుక్కోకుండా ముద్దగా జారుతుంది. గంజు బోర్లించి వెనక నీళ్లు పోసి చల్లార్చాలి. స్టాళ్లలో అంత ఓపిక లేక పెనం మీద రొట్టెలా ఒత్తి, నూనెలో వేయించేస్తున్నారు. పైన గట్టిగా, లోపల పచ్చిగా ఉంటుంది. పొయ్యికి నాలుగు గంజులు పెట్టుకుంటే ఈ తిప్పలే ఉండవు.

నిజామాబాద్ జిల్లా అంకాపూర్ ఊరి పేరుతో ‘అంకాపూర్ కోడి’ అని బోర్డు పెట్టినవాళ్లు దేశీ కోడే వండాలి. అది ముందే చెప్పి వండించుకునే కూర. పది నిమిషాల్లో పళ్లెంలోకి వచ్చి, ఎముక మెత్తగా నలిగిందంటే అది బ్రాయిలరే.

నిర్వాహకులు ప్రతి కల్లు స్టాలు ముందు పలక పెట్టించి చెట్టు రకం, ఊరు, దించిన వేళ రాయించాలి. ఆబ్కారీ శాఖ వాళ్లు పండుగ ముగిశాక కాకుండా, మొదటి లొట్టి వంచకముందే శాంపిలు తీయాలి.

– ఒక పాఠకుడు, పరకాల