ఆ గాంధారం ఏదో నువ్వే చెప్పాలి

డబ్లిన్,
ఆదివారం

అమ్మలూ,

ఫోన్‌లో చెప్పొచ్చు కదా, ఉత్తరం దేనికి అనుకుంటావు. ఫోన్‌లో మనం తిన్నావా, పడుకున్నావా, ల్యాబ్ ఎలా అయింది దగ్గరే ఆగిపోతాం. ఇది అలా చెప్పే సంగతి కాదు. శుక్రవారం రాత్రి నుంచి మనసులో తిరుగుతూనే ఉంది. బయట వాన. రూములో నేనొక్కణ్నే. అన్నం వండుకుని, తినకుండా ఇది రాయడానికి కూర్చున్నాను.

శుక్రవారం ఒక కచేరీకి వెళ్లాను. ఇక్కడ గిగ్ అంటారు. ఆఫీసులో నా పక్క సీటాయనది ఇక్కడి కార్క్ అనే ఊరు. వాళ్లావిడకి జ్వరం రావడంతో టికెట్ ఒకటి మిగిలింది, రమ్మని పట్టుబట్టాడు. బ్లూస్ పాటలు, అంటే అమెరికా నల్లవాళ్ల పాతకాలపు పాటలు, డోనెగల్ జిల్లా అమ్మాయి, ఒక్కతే వాయిస్తూ పాడుతుంది అన్నాడు. బ్లూస్ అంటే నాకు తెలిసిన మనిషి రోరీ గాలగర్ ఒక్కడే. అదీ ఈ ఊరొచ్చాకే. టెంపుల్ బార్ అనే పేటలో ఒక మూలకి ఆయన పేరు పెట్టి గోడకి కంచు గిటార్ బిగించారు. ఆ దారిన వెళ్లినప్పుడల్లా మా కార్క్ ఆయన ఆగి కథ మొదలుపెడతాడు. రోరీ 1948లో డోనెగల్‌లోని బాలీషానన్‌లో పుట్టాడు, కార్క్‌లో పెరిగాడు. 1963లో, 15 ఏళ్ల వయసులో, 100 పౌండ్ల ఫెండర్ స్ట్రాటోకాస్టర్ అనే కరెంటు గిటార్‌ని వాయిదాల మీద తీసుకున్నాడు. దాని రంగంతా పోయి చెక్క బయటపడేదాకా వాయించాడు. 1995లో 47 ఏళ్లకే పోయాడు. ఆ గిటార్ 2024లో వేలానికి వస్తే దాదాపు 9 లక్షల పౌండ్లు పలికింది. కొన్నవాళ్లు దాన్ని ఐర్లాండ్ జాతీయ మ్యూజియానికి ఇచ్చారు. ఇదంతా విని విని, బ్లూస్ అంటే పెద్ద స్పీకర్లు, చెవులు హోరెత్తే కరెంటు గిటార్ అనుకుని, జేబులో దూది కూడా పెట్టుకుని వెళ్లాను.

స్టేజీ మీద ఒక కుర్చీ, రెండు మైకులు, అంతే. నీకంటే చిన్నది ఒకమ్మాయి గిటార్ పట్టుకుని వచ్చి కూర్చుంది. పేరు మ్విరిన్ బ్రాడ్లీ. ఐరిష్ పేర్లు రాసినట్టు పలకవు, టికెట్ మీద చూసి నేనేదో అంటే పక్కావిడ నెమ్మదిగా సరిదిద్దింది. ఊరు డోనెగల్‌లోనే బాలీబోఫే. కరెంటు గిటార్ కాదు, మామూలు చెక్క గిటార్. మన పెళ్లిళ్లలో కుర్రాళ్లు పట్టుకునేలాంటిదే.

మొదటి పాట ఎత్తుకోగానే నేను రెండో మనిషి కోసం వెతికాను. నిజంగానే తెర వెనక ఎవరో ఉన్నారనుకున్నాను. కింద ఒక మంద్రం తాళం తప్పకుండా నడుస్తోంది, దాని మీద ఇంకో తీగ పాట పాడుతోంది, ఈ రెండింటి మీద ఆమె గొంతు. కాసేపటికి చేతిని చూస్తే అర్థమైంది. బొటనవేలు ఒక్కటే లావు తీగల మీద అటొకటి ఇటొకటి కొడుతూ తాళం నడుపుతోంది. మిగతా వేళ్లకి దాంతో సంబంధం లేనట్టు సన్న తీగల మీద వాటి పని అవి చేసుకుంటున్నాయి. ఒక చేతిలోనే మృదంగం, వయొలిన్ రెండూ ఉన్నట్టు. గొంతు పాటలో ఎక్కడైనా ఆగినా, సాగినా, ఆ బొటనవేలు మాత్రం ఆగదు. వంద ఏళ్ల కింద అమెరికా దక్షిణాది పల్లెల్లో, పొలం పనులు చేసుకునే నల్లవాళ్లు పక్కవాద్యం లేక, తామే పక్కవాద్యమై పట్టిన పద్ధతి ఇది.

హాల్లో మూడు వందల మంది ఉంటారు. గ్లాసు చప్పుడు లేదు. పక్కనే పబ్బు, శుక్రవారం రాత్రి, అయినా గొంతెత్తి మాట్లాడినవాళ్లు లేరు. మన గురజాడ కళాభారతిలో పెద్ద విద్వాంసులు ఆలాపన మొదలుపెట్టినప్పుడు ఒక నిశ్శబ్దం వస్తుంది చూడు, అది.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. ఎందుకో చెప్తాను. నాలుగో పాటలో ఆమె గొంతు ఒక స్వరం మీద నిలిచింది. అది గాంధారం, సరిగమల్లో గ. అంతవరకు నాకు తెలిసింది, మీ వయొలిన్ మాస్టారి అరుగు మీద కూర్చుని ఆరేళ్లు నీ పాఠాలు విన్న చెవులు కదా. కానీ కింద ఉండే సాధారణ గాంధారమా, దాని పైనుండే అంతర గాంధారమా? సాధారణం అనుకుంటే కొంచెం ఎక్కువుంది, అంతరం అనుకుంటే కొంచెం తక్కువుంది. తర్వాత చదివితే బ్లూస్ ప్రాణమే అక్కడ ఉందట. ఆ రెండింటి మధ్య, పియానోలో మెట్టు లేని చోట నిలబెడతారు. నిషాదాన్ని, అదే ని స్వరాన్ని, కూడా అంతే. పియానోలో దొరకదు గానీ గొంతులో దొరుకుతుంది, తీగని పక్కకి లాగితే దొరుకుతుంది. నీ వయొలిన్ మీద దొరుకుతుంది.

ఆమె పాడినవాటిలో చాలావరకు పాత పాటలు. ఎవరివో ఇంటికొచ్చాక తెల్లారేదాకా చదువుకున్నాను. అందులో ఇద్దరి గురించి నీకు చెప్పాలి.

ఒకాయన మిసిసిపీ జాన్ హర్ట్. ఆవలాన్ అనే పల్లెటూరు. 1928లో ఒక కంపెనీ పిలిచి కొన్ని పాటలు రికార్డు చేసింది. అవి అమ్ముడుపోలేదు, పైగా ఆ వెంటనే అమెరికాని మాంద్యం ముంచేసింది. ఆయన తన ఊరికి, తన పొలం పనులకి వెళ్లిపోయాడు. 35 ఏళ్లు ఎవరూ రాలేదు. పాత రికార్డుల పిచ్చి ఉన్న టామ్ హాస్కిన్స్ అనే కుర్రాడు ఒక పాటలో ఆయన "ఆవలాన్ మా ఊరు" అనడం విని, ఆ ఊరు ఎక్కడుందో పాత అట్లాసులో వెతికి పట్టుకుని, 1963లో అక్కడికి వెళ్లాడు. మనిషి ఉన్నాడు. వేళ్లూ ఉన్నాయి. ఆ ఏడే న్యూపోర్ట్ జానపద సంగీతం పండగలో వేల మంది ముందు వాయించాడు. 1966లో పోయాడు. మూడేళ్లే దక్కాయి, కానీ ఆ మూడేళ్లలో వాయించిందే ఇవాళ డోనెగల్ పిల్ల చేతిదాకా వచ్చింది.

రెండో ఆవిడ ఎలిజబెత్ కాటన్. ఎడమచేతి వాటం. కుడిచేతివాళ్ల గిటార్‌నే తిరగేసి పట్టుకునేది, అందుకని ఆవిడకి మంద్రం వేళ్లతో, పాట బొటనవేలితో, అంతా తలకిందులు. చిన్నతనంలోనే పాటలు కట్టింది. తర్వాత చర్చి పెద్దలు ఇవి దేవుడి పాటలు కావన్నారు, పెళ్లి, పిల్ల, పాచిపని, గిటార్ పక్కకి పోయింది. దశాబ్దాలు పోయాయి. వాషింగ్టన్‌లో ఒక పెద్ద షాపులో పనిచేస్తున్నప్పుడు తప్పిపోయిన ఒక పాపని తల్లికి అప్పజెప్పింది. ఆ ఇంట్లోనే ఆవిడకి పని దొరికింది. అది సీగర్ల ఇల్లు, అందరూ సంగీతం మనుషులే. ఒకరోజు గోడకున్న గిటార్ తీసి వాయిస్తుంటే, ఆ పాపే, పెగ్గీ, విన్నది. 1958లో మొదటి రికార్డు వచ్చేనాటికి ఆవిడకి 60 దాటాయి. 90 దాటాక గ్రామీ అవార్డు వచ్చింది.

ఆవిడ పాట ఒకటి ఉంది, ఉన్నవన్నీ తాకట్టు పెట్టేశానంటూ సాగుతుంది. మాటలు ఆవిడ మునిమనవలే అల్లారట. రికార్డులో పాడింది కూడా 12 ఏళ్ల మునిమనవరాలు. తాకట్టు గురించి పాడుతూ ఏడుపు లేదు, పిల్లలు లెక్కలు చెప్పుకున్నట్టు ఉంటుంది. అది వింటుంటే నాకు మీ నానమ్మ కాసులపేరు గుర్తొచ్చింది. మా ఫీజుల కోసం ప్రతి జూన్‌లో షావుకారు దగ్గరికి వెళ్లేది, సంక్రాంతికి ఇంటికొచ్చేది. అమ్మ ఏ రోజూ ఏడవలేదు, మూటగట్టి చేతికిచ్చేది. ఆ ధైర్యానికి పాట కడితే ఇలాగే ఉంటుంది.

ఇక ఆ అమ్మాయి సంగతి. తొమ్మిదేళ్లప్పుడు వాళ్ల నాన్నే గిటార్ నేర్పాడట. ఆయన ఇంట్లో ఈ పాటలే వాయిస్తూ, ఈ పాత మనుషుల కథలే చెబుతూ ఉండేవాడు. కొన్నాళ్లకి ఆ పిల్ల కుస్తీ లాంటి పోటీ ఆటల్లో పడి గిటార్ మానేసింది. కోవిడ్ లాక్‌డౌన్ వచ్చి ఆటలు ఆగిపోయాయి. అప్పుడు మళ్లీ గిటార్ తీసింది. 2023లో మొదటి ఆల్బమ్ వచ్చింది, అదీ అమెరికా కంపెనీ నుంచి. ఆ డిసెంబర్ 31 రాత్రి బీబీసీ కొత్త సంవత్సరం కార్యక్రమంలో పాడింది, 17 ఏళ్లు అప్పటికి.

ఇది చదివాక నాకు నిద్ర పట్టలేదు, అమ్మలూ.

ఆ పిల్ల తనంతట తాను మానేసింది, తనంతట తాను తీసింది. నిన్ను మానిపించింది నేను.

ఇంటర్ ఫస్టియర్ జూన్. కాలేజీ బస్సు పొద్దున ఆరింటికి, వచ్చేది రాత్రి ఎనిమిదికి. వయొలిన్ పెట్టెని నేనే అటక మీద పెట్టాను. నాలుగు రోజుల తర్వాత మాస్టారు ఆ ఎండలో రింగ్ రోడ్డు దాకా సైకిల్ తొక్కుకుంటూ మనింటికి వచ్చారు. "ఆదివారం ఒక్క గంట పంపండి చాలు, చెయ్యి పోకుండా చూసుకుంటాను" అన్నారు. నేను "రెండేళ్లే కదా మాస్టారూ" అన్నాను. ఆయన కాఫీ సగం తాగి లేచారు. నువ్వు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి విన్నావు. నేను చూశాను, చూడనట్టు ఉన్నాను. నువ్వు అప్పుడూ ఏమీ అనలేదు, తర్వాతా అనలేదు. రెండేళ్లు కాస్తా ఐదేళ్లయింది. నీకు ర్యాంకు వచ్చింది, సీటు వచ్చింది, నేను ఊరంతా స్వీట్లు పంచాను. మాస్టారింటికి మాత్రం వెళ్లలేకపోయాను.

టెన్షన్‌లో చేశాను అని చెప్పొచ్చు. అందరూ అదే చేస్తున్నారని చెప్పొచ్చు. రెండూ నిజమే. అయినా ఆ ఆదివారం గంట నీది, దాన్ని నేను తీసుకున్నాను. క్షమించమని అడగడానికి ఐదేళ్లు పట్టింది. క్షమించు తల్లీ.

మళ్లీ మొదలుపెట్టమని దీని అర్థం కాదు. అది కూడా నేను చెబితే మళ్లీ అదే తప్పవుతుంది. నిన్న మీ అమ్మకి ఫోన్ చేసి అటక మీంచి పెట్టె దింపించాను. తీగలు తుప్పు పట్టి ఉంటాయి, గుర్రం పడిపోయి ఉంటుంది, కమాను వెంట్రుకలు పురుగు కొట్టి ఉంటాయి. తెరవొద్దన్నాను. నీ గదిలో, మంచం పక్కన, గోడకి ఆనించి పెట్టమన్నాను. నువ్వు సెలవులకి వచ్చినప్పుడు తెరువు, లేకపోతే అలాగే ఉంచు. ఎవరికైనా ఇచ్చేస్తానన్నా నేను అడ్డం రాను.

నేను డిసెంబర్‌లో వచ్చేస్తాను. ముందు మాస్టారింటికి వెళ్తాను. నువ్వు రావాలని లేదు.

ఒక్క పని మాత్రం నీకు చెప్తున్నాను. శుక్రవారం విన్న పాటల రికార్డింగులు వాట్సాప్‌లో పంపుతున్నాను. హాస్టల్లో అందరూ పడుకున్నాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విను. తాకట్టు పాట చివర విను. నేను చెప్పిన స్వరం ఈ పంపినవాటిలో రెండో పాటలో, రెండో చరణం చివర వస్తుంది. రెండు రోజులుగా పది సార్లు విన్నాను, నాకు తేలలేదు. నీ చెవికి తేలుతుంది. ఆమె నిలిచింది సాధారణ గాంధారానికి దగ్గరగానా, అంతరానికి దగ్గరగానా, విని చెప్పు.

మీ నాన్న