నీ కథలో రైతు పెళ్లాం గురించి

ఏమప్పా, బాగుండావా? నీ కథ రాత్రే చదివేసినా, పొద్దున కూడా ఇంకోసారి చదివినా, అప్పట్నుంచి నీతో మాట్లాడాలని ఒకటే ఆత్రం, ఫోన్లో అయితే అన్నీ చెప్పలేనని రాస్తుండా.

బోరు ఎండి అప్పుల్లో పడిన ఆ రైతు చానా బాగా కుదిరినాడు. అప్పిచ్చినాయన్ని మాత్రం సినిమాల్లో సీమ విలన్ చేసేసినావు, తెల్ల పంచె, మీసం, వెనక సుమోలు. మన అనంతపురం మీద ఆ ముద్ర వేసినారని మండిపడేది మనమే కదా! ఆయనకీ ఒక అవసరం పెట్టు. కూతురి పెళ్లి ఉంది, ఈ దుడ్డు రాకపోతే ఆయన పరువు పోతాది. అప్పుడు చదివేటోళ్లకి ఎవరి పక్క నిలబడాలో తెలీదు, అదే కావాల్సింది.

కానీ నాకైతే కథంతా రైతు పెళ్లాం దగ్గరే ఉందనిపిస్తాంది, నువ్వేమో ఆయమ్మని ఊరికే ఏడిపించినావు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ వాన పడే జాగా మనది, బోరు ఎండిందంటే ఇంట్లో ఏం జరుగుతాదో నీకు తెల్సు. ఆయప్ప ఇంకో బోరు వేద్దామంటాడు, నీళ్ల పాయింటు చూసేటాయన అరచేతిలో టెంకాయ లేచి నిలబడింది, అంటే అక్కడ నీళ్లుండాయని ఆయన లెక్క. బోరు దుడ్డుకి ఆయమ్మ గాజులే దిక్కు, అవేమో పాప నర్సింగ్ ఫీజుకని దాచింది. నీళ్లు పడితే చదువూ నిలబడతాది, పడకపోతే రెండూ పోతాయి. మొగుడి మీద కోపం లేదు, వేస్తే నీళ్లు పడతాయేమోనని ఆశ కూడా ఉంది, అయినా గాజులు తీయలేకపోతాంది. మనిషి లోపల్నే అట్ల పెనుగులాట ఉంటే పాత్ర దానంతటదే నడుస్తాది, ఇంక రంగూ రూపం వర్ణించే పనేముంది.

కథలో శెనిక్కాయ చేను తీసేసి చీనీ (బత్తాయి) తోట పెట్టు. శెనిక్కాయ పోతే వచ్చే ఏడు మళ్లా విత్తుకోవచ్చు, చీనీ చెట్టు ఎండిందంటే ఏళ్ల తరబడి సాకిందంతా పాయె. మే నెల, ఆకులు ముడుచుకుంటాండాయి, ఈ వారంలోనే తేలాల.

ఇంకోటి, వాళ్లు మనసులో ఉండేదంతా పైకి చెప్పేసుకుంటున్నారు. మన ఇండ్లల్లో ఎవరప్పా అట్ల మాట్లాడేది! ఆయప్ప సంగటి తింటా "పాప ఎప్పుడొస్తాందంట" అనాల, ఆయమ్మ "ఊరిబిండి ఇంకొంచెం వేసుకో" అనాల, ఇద్దరికీ తెల్సు అది గాజుల గురించేనని.

చివర్లో వాన మాత్రం తీసెయ్ ప్లీజ్. వానొచ్చి అంతా సర్దేస్తే ఆయమ్మ తేల్చుకోవాల్సింది ఏం మిగలదు, గాజులు ఇచ్చేదీ ఇయ్యనిదీ ఆయమ్మే తేల్చాల, దానికి ఏం పోగొట్టుకుంటాదో అది కూడా పోగొట్టుకోవాల.

వచ్చే వారం కడపకొస్తుండా, బ్రౌన్ లైబ్రరీ కాడ కలుద్దాం, ఆ సంగటి సీన్ ఒక్కటి తిరగరాసి పట్టుకురా, మిగతాది కూర్చోని చూద్దాం.