చెరువుల ఫాంటసీ నవల వేసవికి రావడం లేదు: ముందుగా డబ్బు కట్టిన పాఠకులకు, రాతప్రతులు పంపే రచయితలకు

13 నుంచి 17 ఏళ్ల పిల్లల కోసం మేం వేస్తున్న ఫాంటసీ నవల వేసవి సెలవులకు అందదు. డిసెంబరులో, హైదరాబాద్ పుస్తక ప్రదర్శన నాటికి తెస్తాం. ఎందుకింత జాప్యమని ముందుగా డబ్బు కట్టినవాళ్లు అడుగుతున్నారు. ఇలాంటి నవలే రాస్తున్నవాళ్లేమో, రాతప్రతి ఎలా ఉంటే తీసుకుంటారని అడుగుతున్నారు. రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే చోట ఉంది కాబట్టి ఇద్దరికీ కలిపి రాస్తున్నాం.

నవల జరిగేది ఒక కల్పిత సీమలో. ఆ సీమకు ఆధారం మాత్రం మన నేల మీదే ఉంది. 1213 నాటి రామప్ప చెరువు, పాకాల చెరువు లాంటి కాకతీయుల కాలపు కట్టడాలు, పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండే గొలుసుకట్టు పద్ధతి. కథానాయికకు 16 ఏళ్లు, చెరువు నీళ్లు పొలాలకు పంచే నీరటి కూతురు. అక్కడ మంత్రం పలికేది చెరువు నీటితోనే. చెరువులోంచి నీళ్లు వదిలే తూము నోటికి పైన నీళ్లున్నంత వరకే పలుకుతుంది. మంత్రానికి ఖర్చయిన నీరు మళ్లీ వాన పడేదాకా తిరిగి రాదు. పై ఊళ్లో ఒకరు మంత్రం వేస్తే కింది ఊళ్లో నారు ఎండుతుంది. నవలకు కావలసిన తగువంతా ఈ ఒక్క నియమంలోనే ఉంది. రాతప్రతిని మేం తీసుకున్నది అందుకే.

జాప్యానికి కారణమూ ఆ నియమమే. తొలి ప్రతిలో చివరి యుద్ధం వైశాఖంలో జరుగుతుంది. వైశాఖంలో చెరువు అడుగంటి ఉంటుంది, మరి అన్ని మంత్రాలు ఏ నీటితో వేశారు? పెద్దవాళ్లు చూసీ చూడనట్టు పోతారేమో గాని 14 ఏళ్ల పాఠకులు పోరు. వెంటనే పట్టేస్తారు, పట్టాక మిగతా పుస్తకాన్ని నమ్మరు. అందుకని రచయిత్రి యుద్ధాన్ని శ్రావణానికి మార్చారు. కథకు అది మేలే చేసింది, ఎందుకంటే నాట్ల కాలంలో కింది ఊళ్లకు ప్రతి చుక్కా ప్రాణమే. కానీ శ్రావణంలో నల్లరేగడి బాటలో బండి చక్రం దిగబడుతుంది, మూడు రోజుల ప్రయాణానికి ఆరు రోజులు పడుతుంది. దాంతో రాయబారి ఆలస్యంగా వస్తాడు, రహస్యం ఆలస్యంగా బయటపడుతుంది. 28 అధ్యాయాల్లో రెండో సగమంతా తిరగరాయాల్సిందే. దానికి నాలుగు నెలలు ఇచ్చాం. ఆ నాలుగు నెలలూ తగ్గించి పుస్తకం తేవడం మాకు సమ్మతం కాదు.

రచయితలకు ఇక్కడే మొదటి మాట చెప్పాలి. కథ మొదలుపెట్టకముందే మూడు కాగితాలు సిద్ధం చేసుకోండి. మొదటిది నియమాల కాగితం. మంత్రం ఎవరికి వస్తుంది, ఎంత ఖర్చవుతుంది, ఆ ఖర్చు ఎవరి మీద పడుతుంది, మంత్రంతో ఏమేం కావు. ఆఖరిది అన్నిటికంటే ముఖ్యం. చచ్చినవాణ్ణి లేపలేదు, దూరాన్ని చెరపలేదు అని ముందే రాసిపెట్టుకుంటే 25వ అధ్యాయంలో ఇరుక్కున్నప్పుడు దొంగదారి వెతకరు. రెండోది దూరాలు వేసిన పటం. మనిషి రోజుకు 25 నుంచి 30 కిలోమీటర్లు నడుస్తాడు. ఎద్దులకు ఎండపూట విశ్రాంతి కావాలి కాబట్టి బండి అంతకంటే ముందుకు పోదు. పటంలో 200 కిలోమీటర్ల దూరం గీసి కథలో మూడు రోజుల్లో నడిపించిన రాతప్రతులు తరచుగా వస్తుంటాయి. మూడోది పంచాంగం లాంటి పట్టిక: ఏ ఘట్టం ఏ మాసం, ఏ తిథి, ఆ రాత్రి వెన్నెల ఉందా లేదా. అమావాస్య ముందురోజు వెన్నెల్లో ఖడ్గం మెరిసిన ప్రతులు కూడా తక్కువేమీ లేవు.

నాయకుడి వయసు పాఠకుడి కంటే ఒకటి రెండేళ్లు ఎక్కువ ఉంచండి, 15 నుంచి 17 సరిపోతుంది. వయసు కంటే పెద్ద సంగతి, నిర్ణయం ఎవరిదన్నది. చివర్లో గురువుగారు ప్రత్యక్షమై రాక్షసుణ్ణి చంపితే ఆ నవల ఈ వయసువాళ్లది కాదు. గురువు దారి చెప్పవచ్చు, తప్పు దారి కూడా చెప్పవచ్చు, కానీ తూము ఎత్తాలా దించాలా అన్నది ఆ పిల్లే తేల్చాలి, దాని నష్టం ఆ పిల్లే మోయాలి.

మనలో చాలామందికి ఈ రకం కథ తొలిసారి పరిచయమైంది చందమామ సీరియళ్ల ద్వారా. దాసరి సుబ్రహ్మణ్యం గారి రచన, చిత్రా గారి బొమ్మలు. నెలకో ఆపద, నెలకో కొత్త లోయ, చివర ఆగిపోయే ఊపిరి. నెల నెలా ఎదురుచూసే పాఠకుడికి ఆ కూర్పు అద్భుతంగా అమరింది. అదే కూర్పుతో 240 పేజీల పుస్తకం రాస్తే సగానికి వచ్చేసరికి అలసట వస్తుంది. ఆపదలు మారుతుంటాయి గాని మనిషి మారడు. దీన్ని పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. తొలి ప్రతి పూర్తయ్యాక ఒక్కో అధ్యాయానికి మూడు గడులు గీయండి: ఆ పిల్ల ఏం కోరింది, ఏది అడ్డొచ్చింది, చివరికి ఏం మారింది. మూడో గడి ఖాళీగా ఉన్న అధ్యాయాన్ని పక్కదాంట్లో కలపండి, లేదా తీసేయండి. ఎంత అందంగా రాసినా సరే.

భాష విషయంలో మేం పట్టుగా ఉంటాం. ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లలకు తెలుగు చదివే వేగం తక్కువ, అమెరికాలో మనబడి తరగతులకు వెళ్లే పిల్లలకు ఇంకా తక్కువ. వాక్యం 8 నుంచి 12 మాటల్లో, అధ్యాయం 1,500 నుంచి 2,000 మాటల్లో ముగిస్తే వాళ్లు ఒక్క బిగిన ఒక అధ్యాయం లాగించగలరు. అలాగని పల్లె మాటలు తీసేయనక్కర్లేదు. తూము, అలుగు, నీరటి అన్న మాటలు పనిలో కనబడితే అర్థం దానంతటదే తెలుస్తుంది, కింద వివరణలు పెట్టం. కల్పిత పేర్లను మాత్రం విభక్తులతో పరీక్షించండి. పేరు పక్కన ని, కి, తో చేర్చి పైకి చదవండి. పొల్లుతో ముగిసే రెండు మూడు విదేశీ తరహా పేర్లు ఒకే పేరాలో పడితే తెలుగు వాక్యం కుంటుతుంది. సంబోధన కూడా చూసుకోండి. నీరటి కూతురు దొరను మీరు అంటుంది, తోటి పిల్లను ఏమే అంటుంది, అమ్మమ్మను నువ్వే అంటుంది. కోపంలో మీరు కాస్తా నువ్వు అయ్యే చోటు నవలలో ఒక్కటే ఉంటే అది దెబ్బలా తగులుతుంది.

ప్రతి సిద్ధమయ్యాక బంధువులు కాని ఐదారుగురు పిల్లలకు అచ్చుతీసి ఇవ్వండి. నచ్చిందా అని అడగొద్దు, మర్యాదకు నచ్చిందనే అంటారు. ఆ రోజుకు చదవడం ఆపిన చోట పెన్సిలుతో గీత గీయమనండి. ముగ్గురి గీతలు ఒకే పేజీలో పడితే లోపం ఆ పేజీకి కొంచెం ముందే ఉంటుంది.

అచ్చు లెక్క ఇదీ. 48,000 మాటలు, 1/8 డెమ్మీ సైజులో పేజీకి సుమారు 220 చొప్పున 218 పేజీలు. అధ్యాయాల చివర మిగిలే ఖాళీలు, ముందు పేజీలు, రెండు పేజీల పటం కలిపి 240. అంటే 16 పేజీల ఫారాలు (ఒకేసారి అచ్చయ్యే పేజీల కట్టలు) సరిగ్గా 15. ఇంకొక్క పేజీ పెరిగినా కనీసం అర ఫారం ఖర్చు మీద పడుతుంది. గుడులు, వత్తులు ఒకదానికొకటి తగలకుండా 12 పాయింట్ల అక్షరానికి 18 పాయింట్ల వరుస ఎడం ఇస్తున్నాం. దీన్ని తగ్గిస్తే 20 పేజీలకు పైగా మిగులుతాయి గాని పిల్లల కళ్లకు శ్రమ. పటం మధ్యలో అతుకు దగ్గర రెండు వైపులా 10 మిల్లీమీటర్లు ఖాళీ వదిలాం, లేకపోతే ఒక ఊరు బైండింగులో మునిగిపోతుంది.

ఫైలు యూనికోడ్‌లోనే పంపండి. పాత డీటీపీ పద్ధతి అను ఫాంట్లలో కొట్టింది యూనికోడ్‌లోకి మారిస్తే కొన్ని వత్తులు చెదురుతాయి, పొల్లు తర్వాతి అక్షరం వత్తుగా మారిపోతుంది. కల్పిత పేర్లున్న నవలలో ఇది ప్రమాదం, ఎందుకంటే ఏది తప్పో దిద్దేవారికీ తెలియదు. అందుకే పేర్లన్నిటినీ సరైన వర్ణక్రమంతో ఒక పట్టికగా విడిగా జతచేయండి.

ధర 300 రూపాయలు. పుస్తకాలపై జీఎస్‌టీ లేదు, అందువల్లనే మేం కాగితంపై కట్టిన పన్ను మాకు తిరిగి రాదు. ఆ పన్ను 2025 సెప్టెంబరులో 12 నుంచి 18 శాతానికి పెరిగింది. షాపుల్లో అమ్మితే 40 శాతం వరకు కమిషన్ పోతుంది, రచయిత్రికి ముఖవిలువపై 10 శాతం. తపాలాశాఖ రిజిస్టర్డ్ బుక్ పోస్టును 2024 డిసెంబరులో ఆపేశాక పంపే ఖర్చు బాగా పెరిగింది, కొత్త ఆర్డర్లకు అది విడిగా తీసుకుంటాం. ఇప్పటికే కట్టినవాళ్లు ఇక ఏమీ కట్టనక్కర్లేదు. డబ్బు వెనక్కి కావాలంటే ఆర్డరు నంబరు పంపండి, వారంలో జమచేస్తాం.

రచయితలు మొదటి మూడు అధ్యాయాలు, నియమాల కాగితం, ముగింపుతో సహా ఒక పేజీ కథాసారం పంపితే ఎనిమిది వారాల్లో జవాబిస్తాం. అచ్చు ఖర్చు రచయితల దగ్గర తీసుకోం. భాగాలుగా రాస్తున్నా మొదటి భాగం కథ అక్కడికక్కడ తీరాలి. ఏడాదికో భాగం వేసినా, మొదటిది 13వ ఏట చదివిన పిల్లకు మూడోది వచ్చేసరికి 15 నిండుతాయి, ఇంటర్ చదువు మొదలవుతుంది.