పరిహారం జాబితా గోడమీద ఎందుకు లేదు?

సంపాదకుడు గారికి,

అయ్యా,

తుపానుకు పంట నష్టపోయిన రైతుల ఖాతాల్లో పరిహారం ‘పూర్తి పారదర్శకంగా’ జమ అయిందని గత వారం మీ జిల్లా సంచికలో అధికారుల మాటగా వచ్చిన వార్త చదివాను. దాళ్వా (రెండో పంట) నారుమళ్ల పనిలో ఉండి వెంటనే రాయలేకపోయాను.

2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర మొంథా తుపాను తీరం దాటే నాటికి నేను కౌలుకు చేస్తున్న మూడెకరాల స్వర్ణ రకం వరి చేను పాలుపోసుకునే అదనులో ఉంది. పడిపోయిన చేను నాలుగు రోజులు నీళ్లలో నానింది. నష్టం రాసుకోవడానికి వచ్చిన ఉద్యోగి గట్టు దిగకుండానే ఫోనులో రెండు ఫొటోలు తీసుకుని, “ముప్ఫై శాతం వేస్తున్నాను” అన్నారు. 33 శాతం నష్టం ఉంటేనే పరిహారమని నిబంధన ఉన్నప్పుడు ఆ మూడు శాతం విలువ ఏమిటో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

తర్వాత జాబితా పెట్టారు. పెట్టలేదని అబద్ధమాడను. దీపాలు వెలిగే వేళ కార్యాలయం లోపలి గది తలుపుకు రెండు కాగితాలు అంటించి, మర్నాడు మధ్యాహ్నానికే తీసేశారు. ఎకరాలు, సెంట్లలో లెక్క చూసుకునే మాకు విస్తీర్ణమంతా హెక్టార్లలో ఉంది. ఎవరికి ఎంత శాతం రాశారన్నది గానీ, పేరు లేనివారిని ఏ కారణంతో తీసేశారన్నది గానీ అందులో లేదు. అడిగితే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టుకోమన్నారు. రాయితీ పథకాల లబ్ధిదారుల వివరాలను ఎవరూ అడగకుండానే బయటపెట్టాలని 2005 నాటి ఆ చట్టంలోనే, 4(1)(బి) సెక్షన్‌లో, రాసి ఉందని వారికి ఎవరు చెప్పాలి?

అసలు విచిత్రం ఆ తర్వాత జరిగింది. హైదరాబాదులో ఉండే భూయజమాని గారు ఫోను చేసి, తన ఖాతాలో ఏవో ప్రభుత్వ డబ్బులు పడ్డాయి, అవి ఏమిటని నన్నే అడిగారు. ఆయన ధర్మాత్ముడు కనుక ఆ సొమ్ము నాకు పంపారు. అందరు యజమానులూ అలా పంపరు. కౌలుదారు హక్కు పత్రానికి యజమాని సంతకం కావాలని 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం పెట్టిన మెలికతో, ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం నమోదు చేసే ఈ-పంటలో నా పేరు ఎక్కలేదన్నది పాత కథే. కానీ గట్టుమీద ముప్ఫై శాతంగా ఉన్న నష్టం ఏ బల్ల దగ్గర 33 దాటిందో, ఇంకెవరి చేలో 33 ఉన్నది ముప్ఫైకి దిగిందో ఎవరు చెబుతారు?

మురుగు కాలువల్లో గుర్రపుడెక్క తీయించడానికి దొరకని తీరిక చెక్కుల పంపిణీ ఫ్లెక్సీలు కట్టించడానికి మాత్రం దొరుకుతోంది. ముంపు బాధ పడలేక పక్కనున్న కోనసీమ రైతులు 2011లో పంట విరామం ప్రకటించి పొలాలు బీడు పెట్టినా ఆ కాలువల తీరు మారలేదు.

మేము అడిగేది కొత్త పథకమేమీ కాదు. భూయజమాని పేరు, సాగుదారు పేరు, ఎకరాల్లో విస్తీర్ణం, రాసిన శాతం, జమ అయిన సొమ్ము, తిరస్కరిస్తే కారణం — ఇవన్నీ ఉన్న జాబితాను గ్రామంలో అందరికీ కనబడే గోడమీద కనీసం నెల రోజులు ఉంచాలి. జిగురు ఖర్చే భారమనుకుంటే మైదాపిండి మేమే ఉడికించి తెస్తాం.

ఇట్లు,
ఒక కౌలు రైతు,
నరసాపురం ప్రాంతం, పశ్చిమ గోదావరి జిల్లా