ఎర్ర గచ్చుని టైల్స్ కింద పూడ్చకండి

చి.సౌ. బుజ్జికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మోకాలి నొప్పి తగ్గిందని మీ అమ్మ అంటోంది గానీ, మెట్లెక్కేటప్పుడు చూస్తే నాకలా అనిపించడం లేదు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన మీ ఇంటి ఎర్ర గచ్చు ఫోటోలు పెద్దవి చేసుకుని చాలాసేపు చూశాను. ఫోన్లో చెబుదామంటే సగం నీకు వినపడదు, సగం నాకు గుర్తు రాదు. అందుకే కాగితం పట్టాను. అల్లుడుగారికి కూడా చదివి వినిపించు. దాని మీద టైల్స్ వేయించేద్దామన్నారట కదా. వద్దని ఆయనతో నేను చెబితే బాగుండదు, నువ్వు చెబితే సరిపోతుంది.

హాల్లో కిటికీ పక్కన తీసిన ఫోటో ఉంది చూడు, ఎండ ఏటవాలుగా పడుతున్నది. అందులో గచ్చు మీద సన్నగా అర్ధచంద్రాకారం గీతలు కనిపిస్తాయి. అవి తాపీ గీతలు. నేను గచ్చు చేస్తే ఆ వంపు ఒక వైపుకి పోతుంది. మీ హాల్లో దానికి ఎదురు వైపుకి పోయింది. అంటే ఆ గచ్చు చేసినవాడిది ఎడమచేతి వాటం. ఎవరో ఏమో, అరవై ఏళ్ళ కిందటి మనిషి. గది మొత్తం ఒక్క చేత్తో చేసుకుంటూ గుమ్మం దాకా వెనక్కి జరిగి వచ్చాడు. ఎక్కడా అతుకు లేదు. అంత పని చేసేవాళ్ళని నేను నా నలభై ఏళ్ళ మేస్త్రీ పనిలో ముగ్గుర్నో నలుగుర్నో చూశానంతే.

అది ఎలా చేసేవాళ్ళమో నీకెప్పుడూ చెప్పలేదు. నువ్వు అడగనూ లేదులే. కింద కాంక్రీటు పోసి, అది పచ్చిగా ఉండగానే మూడు పాళ్ళ ఇసుకకి ఒక పాలు సిమెంటు కలిపిన మాలు పరిచి, బద్దతో లాగి, రసమట్టం పెట్టి చూసేవాళ్ళం. దాని మీద సిమెంటులో రెడాక్సైడ్ పొడి కలిపి పల్చటి పూత. పది కిలోల సిమెంటుకి పొడి కిలో దాటకూడదు. రంగు బాగా రావాలని ఎక్కువ పోస్తే ఆ పొడి సిమెంటుకి పట్టుకోదు, ఏడాది తిరక్కుండా పాదాలకి అంటుకొస్తుంది. గదికి ఎంత కావాలో అంతా ఒకేసారి పొడిగా కలిపి పెట్టుకోవాలి. మధ్యలో అయిపోయి మళ్ళీ కలిపితే అక్కడ రంగు తేడా కొడుతుంది. ఆ పైన తాపీతో రుద్దడమే రుద్దడం. సాయంత్రం మొదలెడితే ఒక్కోసారి తెల్లారేది. వారం రోజులు నీళ్ళు కట్టి ఉంచి, బాగా ఆరాక ఆడవాళ్ళు గుడ్డతో కొబ్బరినూనె రాసి తుడిచేవాళ్ళు. ఆ మెరుపు తాపీది, నూనెది, ఆ మీదట ఇన్నేళ్ళు నడిచిన కాళ్ళది.

రెడాక్సైడ్ అంటే మరేం కాదు, ఇనుప తుప్పే. అప్పటికే తుప్పయిన వస్తువు కాబట్టి ఎండకి వెలవదు, సిమెంటులోని సున్నం గుణానికీ చెడదు. మరి మీ హాలు మధ్యలో ఎందుకు పాలిపోయిందంటావా? అది రంగు పోవడం కాదు. ఇంతకు ముందు అద్దెకున్నవాళ్ళెవరో బాత్రూమ్ కడిగే యాసిడ్‌తో గచ్చు కూడా కడిగి ఉంటారు. యాసిడ్ సిమెంటుని తినేస్తుంది. నునుపు పోయి గరుకు తేలుతుంది, ఆ గరుకులో మట్టి చేరి పాలిపోయినట్టు కనిపిస్తుంది. ఇక మీదట ఆ సీసా గచ్చు దగ్గరికి తేవద్దు. బ్లీచింగ్ పౌడర్‌తో కలిపితే అసలే విషపు గాలి వస్తుంది, పనిమనిషికి కూడా ఒకసారి చెప్పు.

సరే, అసలు సంగతికొస్తాను. వంటింట్లో ఎర్ర గచ్చు తవ్వేసి ఎవరో బూడిద రంగు సిమెంటు గచ్చు చేశారు. దానికి రంగు వేయించి, హాలుకీ వంటింటికీ కలిపి మెరిసే కోటింగ్ కొట్టించాలని నీ ఆలోచన. రంగు గురించి తర్వాత చెబుతాను. ముందు చెమ్మ సంగతి చూసుకోవాలి.

పాత ఇళ్ళలో గచ్చు కింద ప్లాస్టిక్ షీటు వేసే అలవాటు లేదు. మట్టి, దాని మీద ఇసుక, దాని మీద కాంక్రీటు. భూమిలో ఉన్న తడి ఆవిరై మెల్లగా పైకి వస్తూనే ఉంటుంది. నీకు కనపడదు, ఎందుకంటే వచ్చింది వచ్చినట్టు గాలిలో కలిసిపోతుంది. పైన మూత పెట్టావనుకో, అది ఆ మూత కింద చేరుతుంది.

ఇది నేను చదివి చెబుతున్నది కాదు. మన వీధి అరుగు మీద 2016లో ఎపాక్సీ అనే మెరిసే పూత కొట్టించిన సంగతి నీకు గుర్తుందా? నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు. టౌన్ నుంచి ఒక కాంట్రాక్టరు వచ్చి అద్దంలా చేస్తానన్నాడు. చేశాడు కూడా. వినాయక చవితికి వచ్చినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. నలభై ఏళ్ళ మేస్త్రీని, ఇంటి వెనకే కాలవ ఉందని తెలిసినవాణ్ణి, ఆ మెరుపు చూసి నోరు మూసుకున్నాను. కార్తీక మాసం వచ్చేసరికి పూరీలు పొంగినట్టు అక్కడక్కడా బుడగలు. ఒకదాన్ని గోటితో పొడిస్తే లోపల నుంచి నీళ్ళు వచ్చాయి. సంక్రాంతికి మీ అమ్మ ముగ్గు వేద్దామని కడుగుతుంటే అట్టు లేచినట్టు పెచ్చులు లేచొచ్చాయి. ఎండ పడే చోట పసుపు రంగుకి తిరిగింది కూడా. ఇరవై రెండు వేలు. గీకడానికి మళ్ళీ కూలీ. ఆ కాంట్రాక్టరుని అడిగితే మీ నేల మంచిది కాదన్నాడు. నేల మంచిదే, దానికి మూత పెట్టింది మేము.

కాబట్టి ఈ పని చెయ్యి. మందపాటి ప్లాస్టిక్ షీటు అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు ముక్కలు కోసి, హాల్లో ఒకటి, వంటింట్లో రెండు, నాలుగు వైపులా టేపుతో గట్టిగా అంటించు. సాయంత్రం అంటించి మర్నాడు మధ్యాహ్నం తియ్యి, కనీసం పదహారు గంటలు ఉండాలి. షీటు లోపలి వైపు చుక్కలు పట్టినా, కింద గచ్చు నల్లబడినా చెమ్మ ఉన్నట్టే. ఒక్కటి మాత్రం మర్చిపోకు, ఇది వానల్లో చెయ్యాలి. మే నెలలో చేస్తే కాకినాడలో ఏ గచ్చయినా పొడిగానే ఉందంటుంది. అమ్మేవాళ్ళు కోటింగులు వేసవిలోనే వేయించమంటారు, వానలకి అసలు రంగు బయటపడుతుంది. ఇప్పుడు రెండు వానలు పడ్డాయి కదా, వచ్చే వారం పెట్టు. గోడల అడుగున తెల్లగా ఉప్పు తేలిందేమో కూడా ఫోటో తీసి పంపు.

అల్లుడుగారి టైల్స్ మాటకీ ఇదే జవాబు. టైల్స్ కింద చేరిన చెమ్మ గోడల్లోకి పాకుతుంది. పైగా నేల రెండంగుళాలు లేస్తుంది, తలుపులన్నీ అడుగున కోయాలి. ఆ టేకు తలుపులు కోస్తానంటే నేను వచ్చి అడ్డంగా పడుకుంటాను.

ఇక వంటింటి రంగు. ఆ బూడిద గచ్చుని హాలు ఎరుపులోకి తేవడం పూతలతో జరిగే పని కాదు. పెయింట్ కొట్టొచ్చు, స్టవ్ ముందర నిలబడే చోట ఆరు నెలల్లో చెరిగిపోతుంది. నాకు తెలిసిన దారి ఇంకోటుంది, నవ్వకు. అన్నభేది. ఎరువుల కొట్లో దొరుకుతుంది, వరి నారుమడి తెల్లబడితే ఇనుము కోసం చల్లుతారు, అదే. నీళ్ళలో కరిగించి సిమెంటు మీద పోస్తే అందులోని ఇనుము సిమెంటులోని సున్నంతో కలిసి అక్కడే తుప్పవుతుంది. మొదట పచ్చగా, మురికిగా కనిపించి భయపెడుతుంది. ఆరేకొద్దీ బెల్లం రంగు తేలుతుంది. పైన పట్టిన పెయింటు కాదు కాబట్టి పెచ్చులు లేవదు. మైలుతుత్తంతో నీలంపచ్చ వస్తుంది గానీ వంటింట్లో అది విషం, దాని జోలికి పోవద్దు.

అయితే ఎర్ర గచ్చు ఎరుపు రాదు. బెల్లం రంగే, అదీ మబ్బుల్లా ఒకచోట ముదురు, ఒకచోట లేత. నాకైతే ఎర్ర హాలు పక్కన ఆ రంగు బాగుంటుందనిపిస్తుంది. గచ్చు గచ్చుకీ కూడా మారుతుంది. ఈ రోజుల్లో వచ్చే సిమెంటులో చాలావరకు బూడిద కలిపినదే, ఆ బూడిద సున్నాన్ని వాడేసుకుంటుంది, రంగు కాస్త తక్కువ పట్టొచ్చు. అందుకే ముందు గ్యాస్ సిలిండర్ వెనక మూల జానెడు మేర వేసి చూడాలి. లీటరు నీళ్ళకి వంద గ్రాములతో మొదలెట్టు. ప్లాస్టిక్ బకెట్టే వాడు. చేతులకి గ్లౌజులు, పాత చీర. ఆ మరక బట్టల మీద పడితే పోదు.

దానికంటే ముందు ఆ గచ్చుకి ఏమైనా జిడ్డు పట్టిందేమో చూడాలి. ఒక నీటి చుక్క వెయ్యి. రెండు మూడు నిమిషాల్లో ఇంకి నల్లబడితే రంగు కూడా ఇంకుతుంది. తామరాకు మీద బొట్టులా నిలబడితే నూనో, మైనమో, పాత సీలరో (నీళ్ళు ఇంకకుండా కొట్టే పూత) ఉన్నట్టు. అది పోయేదాకా రంగు పట్టదు. వంటిల్లు కదా, పోపుల నూనె ఇన్నేళ్ళు పడింది, స్టవ్ దగ్గర కచ్చితంగా నిలబడుతుంది. వేడినీళ్ళు, అంట్లు తోమే సబ్బు, బ్రష్షు పెట్టి నాలుగైదు సార్లు రుద్దించు. మెషీన్ పెట్టి గీకిస్తామని ఎవరైనా అంటే పొడిగా గీకనివ్వకు. ఆ దుమ్ములో ఇసుక ఉంటుంది, ఊపిరితిత్తుల్లో చేరితే మళ్ళీ బయటికి రాదు. నాతో పనిచేసినవాళ్ళలో ఇద్దరు దగ్గుతోనే పోయారు. నీళ్ళు పోస్తూ గీకాలి, మూతికి మంచి మాస్కు ఉండాలి, పిల్లాణ్ణి ఆ రోజు అత్తయ్యగారింట్లో వదిలెయ్యి.

రంగు ఆరిన మర్నాడు నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి, బాగా ఆరనిచ్చి, అప్పుడు సీలర్. కొట్లో రెండు రకాలు చూపిస్తారు. పైన పొరలా ఉండేది ఒకటి, లోపలికి ఇంకిపోయేది ఒకటి. అక్రిలిక్, ఎపాక్సీ, పాలియురేతేన్ అన్నవన్నీ పొర రకం. సైలేన్, సైలాక్సేన్ అని డబ్బా మీద ఉంటే అది లోపలికి ఇంకిపోయే రకం. లోపలికి ఇంకిపోయేది మెరవదు, అందుకే కొట్టువాడు దాన్ని ముందుకు తియ్యడు. కానీ నీళ్ళు పీల్చుకోకుండా చేస్తూనే కింది ఆవిరిని పైకి పోనిస్తుంది. షీటు కింద చుక్కలు పడితే నీకు ఇదొక్కటే దారి. వానల్లో కూడా పొడిగా ఉంటే వంటింటికి మాత్రం పల్చగా పాలియురేతేన్ వేయించుకున్నా నేను అడ్డు చెప్పను. ఎందుకంటే చింతపండు పులుసు, నిమ్మరసం కూడా సిమెంటుని తింటాయి, లోపలికి ఇంకిపోయే రకం సీలర్ దాన్ని పూర్తిగా ఆపలేదు. పులుసు గిన్నె నేల మీద పెట్టే అలవాటు నీకు మీ అమ్మ నుంచే వచ్చింది, ఆ గుండ్రటి మరకలు మన ఇంట్లో చూడు.

హాలుకి ఏ సీలరూ వద్దు. సబ్బునీళ్ళతో కడిగి, ఆరాక, గుడ్డకి కొబ్బరినూనె అద్ది రాసి, పొడిగుడ్డతో మొత్తం తుడిచెయ్యాలి. గచ్చు మీద వేలు పెడితే జిడ్డు తగలకూడదు. తగిలిందంటే కాలు జారుతుంది, దుమ్ము కూడా పడుతుంది. నెలకోసారి అలా నాలుగు నెలలు చేస్తే పాలిపోయిన చోటు కూడా చాలావరకు కలిసిపోతుంది. ఒక్కసారి నూనె పట్టాక ఇక దాని మీద ఏ రంగూ, ఏ సీలరూ నిలవదు, అది తెలిసే రాయి. గుమ్మం దగ్గర చిన్న పగులు ఉంది కదా, దాన్ని నువ్వు ముట్టుకోకు. ఎరుపు కలపడంలో చెయ్యి తప్పితే కుంకుమ బొట్టు పెట్టినట్టు ఎత్తి కనిపిస్తుంది. అది నేనే చేస్తాను. పచ్చిగా ఉన్నప్పుడు ముదురుగా ఉంటుంది, నెల తర్వాత గానీ అసలు రంగు తెలీదు, కాబట్టి చూడగానే కంగారు పడొద్దని అల్లుడుగారికి ముందే చెప్పు.

వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారం పొద్దున్నే యానాం మీదుగా వచ్చే బస్సుకి బయల్దేరతాను. తాపీ తెచ్చుకుంటాను, అది నాదే ఉండాలి. అన్నభేది ఇక్కడి కొట్లోనే కిలో కొని తెస్తాను. మీ అమ్మ మాగాయ ఇస్తానంటోంది, రెండూ ఒకే సంచిలో పెట్టొద్దని చెప్పాను. నువ్వు ఈలోగా షీట్లు అంటించి ఫోటోలు పంపు, సిలిండర్ జరిపి ఆ మూల సబ్బుతో కడిగి ఉంచు.

ఇట్లు,
నాన్న